క్రింప్ లేకుంటే బుల్లెట్ నిలవదా?

తాడిపత్రి అబ్బాయి:
మాది తాడిపత్రి. టెక్సాస్ వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ కాల్చిన ఇత్తడి కేసుల్లో మళ్లీ ప్రైమర్ (మందు అంటించేది), మందు, బుల్లెట్ పెట్టి తూటాలు చేసుకోవడం మామూలే. నేనూ పోయినేడు మొదలుపెట్టాను. నాది .308 బోల్ట్ యాక్షన్, ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి కాల్చే రైఫిల్. రేంజిలో ఒక పెద్దాయన "ప్రతి తూటాకూ క్రింప్ వెయ్, లేకుంటే బుల్లెట్ కదులుతుంది" అంటాడు. అంటే కేసు మూతి అంచును బుల్లెట్ మీదికి నొక్కేయడం. వేసి చూశాను, కాగితం మీద చిల్లులు చెదిరిపోయాయి. మానేశాక మళ్లీ దగ్గరికొచ్చాయి. ఆయన్ని నమ్మాలా, కాగితాన్ని నమ్మాలా?

హంద్రీ లేత్:
కర్నూలులో లేత్ షాపు నాది, తుపాకీ ముట్టినోణ్ణి కాదు. అయినా మీరు నెక్ టెన్షన్ అనేది, అంటే కేసు మెడ బుల్లెట్‌ను బిగించి పట్టుకోవడం, మా ప్రెస్ ఫిట్టే కదప్పా! బుల్లెట్ 308 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), నెక్ లోపల 306 ఉంటే రెండు థౌ పట్టు. మోటారు షాఫ్టుకు బేరింగ్ ఎక్కించినట్టే. ఫిట్ ఎంత బాగున్నా మేం సర్‌క్లిప్ (జారకుండా ఆపే రింగు) వేస్తాం. ఫిట్ లూజైన రోజు కాపాడేది అదే. పెద్దాయన మాటే రైటు.

కడప గురి:
లేత్ అన్నా, పోలిక సగమే కుదిరింది. బేరింగ్ కదలకూడదు. బుల్లెట్ మాత్రం వదిలి పోవాలి, అదీ ప్రతిసారీ ఒకే బలానికి. కేసుల పొడవు తేడాగా ఉంటే క్రింప్ ఒకదానికి గట్టిగా, ఒకదానికి పైపైన పడుతుంది. కాల్చి, మళ్లీ సైజింగ్ చేసేకొద్దీ (అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చేకొద్దీ) కేసు సాగుతుంది. ట్రిమ్ చేయకపోతే, అంటే మూతి కోసి ఒకే పొడవుకు తేకపోతే, అంతే.

నేనూ ఎనిమిదేళ్లు అక్కడ ఉండి వచ్చినోణ్ణే. మొదట్లో ట్రిమ్ చేయకుండా సీటింగ్ (బుల్లెట్‌ను కేసులో దించడం), క్రింప్ ఒకే దెబ్బకు కానిచ్చాను. పొడుగు కేసుల్లో మెడ కింది భుజం ఉబ్బి, తుపాకీ చాంబర్‌లోకి పోలేదు. ఒక సాయంత్రమంతా వాటిని విప్పుతూ కూర్చున్నా.

ఇంకోటి. బుల్లెట్‌కు క్రింప్ కోసం గాడి లేకపోతే గట్టిగా నొక్కొద్దు. లోపలి సీసం నొక్కితే నొక్కినట్టే ఉంటుంది, ఇత్తడి మాత్రం రొంత వెనక్కి వస్తుంది. బిగించామనుకుంటాం, పట్టు తగ్గుతుంది.

తాడిపత్రీ, నీ ఇత్తడి ఎన్నిసార్లు కాల్చింది?

తాడిపత్రి అబ్బాయి:
ఏడుసార్లు. ఎనీలింగ్ (కాచి మెత్తబరచడం) చేయలేదు.

కడప గురి:
మరి టెన్షన్ ఒకేలా ఎట్లుంటుంది? బిందె సొట్ట తీసేవాణ్ణి చూడు. కొట్టేకొద్దీ ఇత్తడి బిగుసుకుంటుంది, కాచి మెత్తబరిచి మళ్లీ కొడతాడు. నెక్ కూడా అంతే. గట్టిపడ్డ నెక్ సైజింగ్ తర్వాత ఎక్కువ వెనక్కి వస్తుంది, రెండు థౌ అనుకున్నది ఒకటే మిగలొచ్చు. నెక్, భుజం వరకే కాచాలి. అడుగు భాగం మెత్తబడితే పేలేటప్పుడు ఒత్తిడి ఆపలేదు, ప్రాణం మీదికొస్తుంది.

హంద్రీ లేత్:
సరే, మిలిటరీ తూటాలకు క్రింప్ ఎందుకు వేస్తారు మరి? వాళ్లకు తెలీదా?

కడప గురి:
మంచి ప్రశ్నే. ఆటోమేటిక్ తుపాకీలో తూటా దూసుకెళ్లి చాంబర్ ముందున్న ఏటవాలు ర్యాంపుకు గుద్దుకుంటుంది. బుల్లెట్ లోపలికి జరిగితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. గొట్టం మ్యాగజైన్ ఉన్న లివర్ యాక్షన్‌లోనూ (కింది లివర్ ఆడించి తూటా ఎక్కించే రైఫిల్) ఇదే గోల. తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, రీకాయిల్‌కు, అంటే తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు, వెనకది ముందుదాన్ని పొడుస్తుంది. అక్కడ క్రింప్ తప్పదు, నేనూ వేస్తాను. ఒక్కొక్క తూటా పెట్టుకుని గురి చూసే బోల్ట్ యాక్షన్‌కు ఆ కష్టం లేదు.

హంద్రీ లేత్:
అయినా తేలిగ్గా ఒక క్రింప్ వేస్తే పోయేదేముంది అనే నేనంటా. దెబ్బ తగిలే చోట లాక్ ఉండాల.

అనంతపురం కొత్త:
మన ఊర్లో ఇంట్లో చేసుకోవచ్చా సార్?

కడప గురి:
వద్దు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. పైగా క్లబ్బుల్లో వాడే .22కు మందు అంటించే పదార్థం అంచులోనే ఉంటుంది, దాన్ని మళ్లీ నింపడం కుదరదు.

తాడిపత్రి అబ్బాయి:
ఈ వారం ఎనీల్ చేసి, అన్నీ ఒకే పొడవుకు ట్రిమ్ చేసి, క్రింప్ లేకుండా పది కాల్చాను. ముందుకంటే బాగొచ్చింది. క్రింప్‌తో కూడా పది కాల్చి చూస్తా, లేత్ అన్న కోసం. ఇంకోటి, పెద్దాయన్ను ఇవాళే అడిగా, ఏ రైఫిల్ మీది అని. నలభై ఏళ్లుగా .30-30 లివర్ యాక్షనేనంట.