కోవిడ్ సాయం మా కౌంటీలో కాంట్రాక్టు మీద పందులు పెంచేవాళ్లకు ఎందుకు రాలేదు?

అయోవా_తెలుగు:
మేముండేది అమెరికాలోని అయోవా రాష్ట్రం వాయవ్య మూల, సూ కౌంటీ (మన జిల్లా లాంటిది) దగ్గర చిన్న ఊరు. చుట్టూ మొక్కజొన్న, సోయా, పందుల షెడ్లు. 2020లో ఫెడరల్ ప్రభుత్వం రైతులకు ఇచ్చిన కోవిడ్ సాయం (సీఎఫ్‌ఏపీ అంటారు) ఎవరికి ఎంత వచ్చిందో కౌంటీల వారీగా నెట్‌లో కనిపిస్తోంది, కొందరికి లక్షల డాలర్లు ఉన్నాయి. మా పక్కింటి పెద్దాయన కంపెనీ పందుల్ని కాంట్రాక్టు మీద పెంచుతాడు. ఆ ఏప్రిల్‌లో సూ ఫాల్స్, వాటర్‌లూలో పందుల్ని కోసే మాంసం ప్లాంట్లు ఆగిపోయాక ఆయనకు కొత్త పంది పిల్లలు రాలేదు, షెడ్లు ఖాళీ, బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగలేదు. అయినా లిస్టులో ఆయన పేరే లేదు. ఎందుకిలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పొలం_పద్దులు:
నెబ్రాస్కాలో రైతుల అకౌంట్లు చూస్తాను. సంగతి ఏంటంటే డబ్బు సరుకు ఎవరిదైతే వాళ్లకే, అంటే ధర పడిపోతే ఎవరి ఆస్తి విలువ తగ్గుతుందో వాళ్లకు. కాంట్రాక్టులో పంది కంపెనీది, దాణా కంపెనీది, షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి, అందుకని మొదటి విడతలోనూ, సెప్టెంబర్‌లో ప్రకటించిన రెండో విడతలోనూ ఆయన లెక్కలోకే రాలేదు. రెండో విడతలో సొంత పందులున్నవాళ్లకు తలకు 23 డాలర్లు. తలకింత, ఎకరానికింత అని కట్టారు కాబట్టి పెద్ద ఫారాలకే ఎక్కువ వెళ్లింది. మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి ఉండేది కానీ, కుటుంబం కంపెనీగా ఉండి ముగ్గురు వాటాదారులు తలా 400 గంటలు పని చేసినట్టు చూపిస్తే 7,50,000 దాకా వచ్చేది. చిన్నవాడికి ఈ దారి లేకపోయింది, నాకు ఇదే బాధ.

పశువుల_కాపరి:
పశువులదీ అదే కథ. కబేళాకు సిద్ధమైన పశువును 2020 ఏప్రిల్ 15 లోపు అమ్మితే తలకు 214 డాలర్లు, ఆ తేదీకి అమ్ముడుపోక కొట్టంలోనే ఉంటే 33! ప్లాంట్లు ఆగింది ఏప్రిల్‌లో, అసలు దెబ్బ తిన్నది అమ్మలేకపోయినవాడు. 2021లో ఇంకో 63 కలిపారు, అయినా తేడా పూడలేదు.

గుంటూరు_వాసి:
మన దగ్గర బ్రాయిలర్ ఇంటిగ్రేషన్ ఫారాల్లాగే ఉంది ఇది. కోడిపిల్ల, దాణా కంపెనీవి, రైతుకు కిలోకింత పెంపకం కూలీ. పిల్లలు దింపకపోతే షెడ్డు లోను మాత్రం రైతు నెత్తినే. ఒక్క విషయంలో అక్కడ నయం, పొలం నగదు కౌలుకిస్తే ఈ సాయం సాగుచేసే కౌలుదారుకే వెళ్లిందట. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది, కౌలు రైతుకు ఏమీ లేదు.

పొలం_పద్దులు:
నిజమే, నష్టం ఎవరు భరిస్తున్నారనేదే చూశారు. కానీ మొదట్లో షెడ్డు నష్టాన్ని నష్టంగానే చూడలేదు. తర్వాత 2020 డిసెంబర్ చట్టంలో కాంట్రాక్టు రైతుల కోసం 100 కోట్ల డాలర్ల దాకా పెట్టారు, 2019 కన్నా 2020లో ఆదాయం ఎంత తగ్గిందో అందులో 80 శాతం దాకా. దరఖాస్తులు 2021 అక్టోబర్ 12తో ముగిశాయి. మీ పక్కింటాయన అప్పుడు అప్లై చేశారా?

అయోవా_తెలుగు:
అడిగాను. కౌంటీ ఆఫీసుకు మొదట్లోనే వెళ్లారు, రాదని చెప్పారట, తర్వాత మళ్లీ వెళ్లలేదు. 2021లో ఇస్తున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.