జిల్లా ల్యాబ్‌లో కరోనా వేరియంట్ స్క్రీనింగ్: ఎస్ జీన్ డ్రాప్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

తీరం_ల్యాబ్: మాది జిల్లా స్థాయి ఆర్‌టీపీసీఆర్ ల్యాబ్, సీక్వెన్సర్ (వైరస్ జన్యుక్రమం చదివే యంత్రం) లేదు. పాజిటివ్‌లు హైదరాబాద్ పంపితే లీనియేజ్ (వైరస్ ఏ శాఖదో) తెలిసేసరికి ఆలస్యమవుతోంది. ఓఆర్‌ఎఫ్1ఏబీ, ఎన్, ఎస్ అనే మూడు వైరస్ జీన్‌లను (టార్గెట్లను) వెతికే కిట్ వాడుతున్నాం. మిగతావి వచ్చి ఎస్ రాని (ఎస్ డ్రాప్) శాంపిల్‌ని కొత్త వేరియంట్‌గా రిపోర్టు చేయొచ్చా? సీటీ (సిగ్నల్ కనిపించడానికి పట్టిన పీసీఆర్ సైకిళ్ల సంఖ్య) ఎంతవరకు తీసుకోవాలి? ఎన్ని శాంపిళ్లు సీక్వెన్సింగ్‌కి పంపాలి?

ప్రోబ్_పిచ్చి: పేరు మాత్రం పెట్టేయకండి. స్పైక్‌లో (ఎస్ జీన్ తయారుచేసే ప్రొటీన్) 69, 70 స్థానాల ఆరు బేస్‌లు (జన్యు అక్షరాలు) పోతే అక్కడ కూర్చోవాల్సిన ప్రోబ్‌కి (ఆ జీన్‌కి అతుక్కుని సిగ్నల్ ఇచ్చే చిన్న ముక్కకి) చోటుండదు. మిగతా రెండు టార్గెట్లు వస్తాయి, ఎస్ రాదు. ఆ డిలీషన్ (బేస్‌లు పోవడం) ఆల్ఫాలో ఉంది, బీఏ.1లో ఉంది, బీఏ.4, బీఏ.5లలో ఉంది. డెల్టాలో, చాలా వరకు బీఏ.2లో, ఎక్స్‌బీబీలో లేదు. జేఎన్.1లో మళ్లీ వచ్చింది (బీఏ, ఎక్స్‌బీబీ, జేఎన్ అన్నీ ఒమిక్రాన్ శాఖలే). 2021 డిసెంబరులో చుట్టూ డెల్టాయే ఉంది కాబట్టి ఎస్ డ్రాప్ అంటే దాదాపు బీఏ.1 అనుకోవడం చెల్లింది. 2022 జనవరిలో మన దేశంలో బీఏ.2 పెరిగేసరికి అదే కిట్ గుడ్డిదైపోయింది, ఎస్ చక్కగా వస్తోంది మరి. అందుకే కిట్ ఏం చెప్పిందో చూసే ముందు, మీ ప్రాంతం నుంచి వెళ్లిన గత నెల శాంపిళ్లలో ఏ లీనియేజ్‌లు తేలాయో చూడండి. కిట్‌లో ఇచ్చిన కాగితం కూడా చదవండి. కొన్ని కిట్లలో ఎస్ ప్రోబ్ వేరే చోట ఉంటుంది, వాటిలో ఈ డ్రాప్ రానే రాదు.

సీటీ విషయానికొస్తే, ఓఆర్‌ఎఫ్, ఎన్ రెండూ 30 లోపు వచ్చి, ఎస్ అసలు రాకపోతేనే డ్రాప్. 30 దాటితే వైరస్ తక్కువై ఎస్ ఒక్కటే పోయే అవకాశం ఉంది. ఎస్ వచ్చింది గానీ నాలుగైదు సైకిళ్లు ఆలస్యమైంది అంటే అది డ్రాప్ కాదు. ఎక్స్‌ట్రాక్షన్ (శాంపిల్ నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయడం) నుంచి మళ్లీ చేయండి.

ప్లేట్_చూసేవాడు: ప్లేటులో ఎక్కడ పోయిందో కూడా చూడాలండీ. ఒకే వరుసలో నాలుగు బావుల్లో (శాంపిల్ పోసే గుంటల్లో) ఎస్ లేదంటే వేరియంట్ కన్నా ముందు మల్టీచానల్ పిపెట్‌ని (ఒకేసారి చాలా గుంటల్లో పోసే పరికరాన్ని) అనుమానించాలి. ప్లేటంతా ఎస్ బలహీనమైతే ప్రోబ్ మిక్స్ చాలాసార్లు కరిగించి గడ్డకట్టించారేమో, వెలుతురులో వదిలేశారేమో చూడండి. ప్రతి రన్‌లో ఎస్ వచ్చే కంట్రోల్ ఒకటి, డ్రాప్ ఖాయమని తేలిన ఆర్‌ఎన్‌ఏ ఒకటి పెట్టండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెతో సరిపెట్టుకోక సిగ్నల్ కర్వ్ తెరిచి చూడాలి. బేస్‌లైన్ (సిగ్నల్ లేనప్పటి మట్టం) తప్పుగా పడితే లేని డ్రాప్ కనిపిస్తుంది.

రెండో అంచెగా మ్యుటేషన్ పీసీఆర్ (స్పైక్‌లో ఒక్కో మార్పును వెతికే పరీక్ష) పెట్టుకోవచ్చు. డెల్టా, ఒమిక్రాన్ కలిసి తిరిగిన రోజుల్లో ఎల్452ఆర్ (452వ స్థానంలో ఎల్ పోయి ఆర్ రావడం), కే417ఎన్ రెండు మ్యుటేషన్లూ చాలు: మొదటిది ఉండి రెండోది లేకపోతే డెల్టా, తిరగేస్తే బీఏ.1 లేదా బీఏ.2. బీఏ.5లో రెండూ ఉన్నాయి, లెక్క మారిపోయింది. బీఏ.2.86లో 452 దగ్గర ఆర్ బదులు డబ్ల్యూ ఉంది. అలాంటప్పుడు మామూలు ప్రోబూ, మ్యుటెంట్ ప్రోబూ రెండూ లేవకపోవచ్చు. ఆ ఫలితాన్ని 'ఇన్‌వాలిడ్' అని పక్కన పెట్టేస్తారు చాలామంది. నా దృష్టిలో ముందు సీక్వెన్సింగ్‌కి పోవాల్సింది అదే.

శాంపిల్_లెక్క: నూటికి ఒక్కటి ఉన్న వేరియంట్ కనీసం ఒకసారైనా 95 శాతం నమ్మకంతో చిక్కాలంటే 299 శాంపిళ్లు కావాలి. నూటికి ఐదుంటే 59 చాలు. ఈ లెక్క యాదృచ్ఛికంగా తీసిన వాటికే. డ్రాప్‌లు మాత్రమే ఏరి పంపితే వాటా పెరిగినట్టు కనిపిస్తుంది, అది అబద్ధం. రెండు జాబితాలు వేరుగా పెట్టండి: యాదృచ్ఛికంగా తీసినవి ఒకటి, అనుమానంతో ఏరినవి ఒకటి. సీటీ 25 లోపైతే జీనోమ్ బాగా నిండుతుంది. వీటీఎం (స్వాబ్‌ని పెట్టి పంపే ద్రవం) 72 గంటల్లోపు చేరేట్టుంటే 2–8 డిగ్రీల్లో పంపండి, లేదంటే మైనస్ 70లోకి. సేకరించిన తేదీ, మండలం రాయకపోతే ఎంత మంచి సీక్వెన్సైనా ట్రాకింగ్‌కి పనికిరాదు.

ఒక్క మ్యుటేషన్ పట్టుకుని హడావిడి చేస్తే ఏమవుతుందో 2021 మేలో చూశాం. ఎన్440కే ఉన్న దాన్ని 'ఏపీ స్ట్రెయిన్' అని టీవీలు మోగించాయి. హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ సీక్వెన్సుల్లో చూస్తే అప్పటికే బీ.1.617 (డెల్టా ఉన్న శాఖ) దాన్ని తోసేస్తోంది. అదే ఎన్440కే తర్వాత ఒమిక్రాన్‌లోనూ కనిపించింది.

తీరం_ల్యాబ్: అర్థమైంది. రిపోర్టులో 'ఎస్ టార్గెట్ డ్రాప్, సీక్వెన్సింగ్ పెండింగ్' అని మాత్రమే రాస్తాం. సీక్వెన్స్ వచ్చాక మేం చూడాల్సింది ఏమైనా ఉందా?

ప్రోబ్_పిచ్చి: ఉంది. లీనియేజ్ పేరుతో పాటు ఎన్ని బేస్‌లు 'ఎన్'గా (చదవలేక వదిలేసినవిగా) మిగిలాయో, ఏ ప్రైమర్ (జీనోమ్‌ని ముక్కలుగా కాపీ చేయడానికి మొదలుపెట్టే చిన్న ముక్క) వెర్షన్ వాడారో అడగండి. ఆర్టిక్ వీ3 అనే ప్రైమర్ల సెట్‌తో డెల్టా చేసినప్పుడు, ప్రైమర్ అతుక్కునే చోట ఉన్న డిలీషన్ వల్ల 72వ యాంప్లికాన్ (కాపీ చేసే ముక్క) పడిపోయేది, దాంతో అందులో ఉన్న జీ142డీ మ్యుటేషన్ లేనట్టు కనిపించేది. అందుకే 2021లో వీ4 తెచ్చారు. స్పైక్‌లో ఖాళీ ఉన్న సీక్వెన్స్‌ని మీ డ్రాప్‌తో పోల్చకండి.