ఇంటి వీడియోలన్నీ నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే డిస్కుల పెట్టె) పెడదామనుకుంటున్నా, సలహా కావాలి

అన్నలూ, అమ్మానాన్నల షష్టిపూర్తి, పిల్లల వీడియోలు, సినిమాలు కలిపి 3 టీబీ దాకా ఉన్నాయి, మొన్న ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ టక్ టక్‌మని చప్పుడు చేసి పోయింది, అదృష్టం బాగుండి షష్టిపూర్తిది ఇంకోదాంట్లో ఉంది. రెండు 4 టీబీ డిస్కులతో నాస్ కొని రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ అవే ఫైళ్ళు ఉండే పద్ధతి) పెడితే చాలా? టీవీలో 4కె ఆగకుండా ఆడుతుందా?

జవాబు 1:
తమ్ముడూ, రెయిడ్ 1 బ్యాకప్ కాదు, ఒక డిస్క్ పోతే ఇంకోటి ఆదుకుంటుంది అంతే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేశావనుకో, రెండిట్లోనూ ఒకేసారి పోతుంది. ఇంటి వీడియోలు మళ్ళీ దొరకవు కదా, వాటి కాపీ ఇంకో డిస్క్‌లో వేసి వేరే ఇంట్లో పెట్టు. సినిమాలకి అంత అక్కర్లేదు. కొనేటప్పుడు సీఎంఆర్ డిస్కులే (ట్రాకులు ఒకదానిమీద ఒకటి పడకుండా రాసే రకం) అని చూసుకో.

జవాబు 2:
4కె సంగతి: చాలా టీవీల్లో లాన్ పోర్ట్ (నెట్ కేబుల్ పెట్టే చోటు) వేగం 100 ఎంబీపీఎస్సే, పెద్ద బ్లూరే ఫైళ్ళు ఒక్కోసారి అది దాటేస్తాయి, అప్పుడే ఆగుతుంది, నాస్ తప్పు కాదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై ట్రై చెయ్యండి. నాస్‌లో వీడియోలు టీవీలో చూడ్డానికి జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, కాకపోతే టీవీకి ఆ ఫార్మాట్ రాకపోతే నాస్ ట్రాన్స్‌కోడ్ చెయ్యాలి (అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చాలి), చిన్న ప్రాసెసర్ తట్టుకోలేదు.

జవాబు 3:
యూపీఎస్ మర్చిపోకండి, నాస్ డిస్క్‌లో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళు పాడవ్వచ్చు.

అడిగినవారు:
థాంక్సండీ, ముందు షష్టిపూర్తి వీడియో కాపీ చేసి అక్కావాళ్ళింట్లో పెడతా.