తెలుగు బోర్డు రాయాలంటే డిజైన్ ఎక్కడ వెతకాలి: ఫోన్‌లోనా, వీధిలోనా?

కొత్త_కుంచె (కాకినాడ):
అందరికీ నమస్కారం. చేత్తో బోర్డులు రాయడం నేర్చుకుంటున్నాను. ఒక మెస్ వాళ్ళు "శ్రీ లక్ష్మీ మెస్" అని రేకు బోర్డు రాయమన్నారు. పింటరెస్ట్‌లో వెతికితే అమెరికన్ బోర్డులే వస్తున్నాయి, చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేకపోతున్నాను. అదే స్టైల్లో తెలుగు రాద్దామని నా ఆలోచన. పని నేర్పే మాస్టారేమో "ఫోన్ పక్కన పెట్టు, మెయిన్ రోడ్డు మీద పాత షాపుల బోర్డులు చూసి రా" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

పాత_ఎనామెల్:
మీ మాస్టారి మాటే నా మాట కూడా. ఇంగ్లిష్ పెద్దక్షరాలు పైనొక గీత, కిందొక గీత కొడితే వాటి మధ్య కూర్చుంటాయి. మీరు రాయబోయే "లక్ష్మీ" చూడండి. పైన గుడిదీర్ఘం, కింద ష ఒత్తు, దానికి ఆనుకుని మ ఒత్తు. "శ్రీ"లో ర ఒత్తు కిందనుంచి చుట్టుకొస్తుంది. వీటికి చోటు ముందే వదలకపోతే చివర్లో ఒత్తులను చీమతలల్లా ఇరికించాల్సి వస్తుంది. ఈ చిక్కుకు అమెరికా బోర్డులో జవాబు దొరకదు. మీ ఊళ్ళో బట్టల షాపు బోర్డు రాసినాయన దీన్ని ఎప్పుడో తేల్చేశాడు. ఒత్తును కాస్త కుడికి జరిపి, ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుతాడు. ప్రొప్రైటర్ పేరు ఆ ఒత్తుకు తగలకుండా పక్కనున్న ఖాళీలో మొదలుపెడతాడు. దగ్గరికెళ్ళి చూడండి, ఆ లెక్క కనబడుతుంది.

షేడు సంగతీ అంతే. అక్కడి బోర్డుల్లో నీడ ఎక్కువగా ఎడమ కిందికి వేస్తారు. దాన్ని తెలుగులో అలాగే దించితే నీడ పోయి ఒత్తులో కలుస్తుంది. రోడ్డు అవతల నిలబడ్డవాడికి ఏది నీడో ఏది ఒత్తో తెలీదు. షేడు సన్నగా వేసి, ఒత్తుకూ దానికీ మధ్య గ్రౌండు రంగు, అంటే బోర్డుకు ముందు వేసిన అడుగు రంగు, సన్నని గీతలా వదలండి.

బెంగళూరు_బ్రష్:
అన్నా, గౌరవంతోనే విభేదిస్తున్నాను. నా కస్టమర్లు కెఫేలు, సెలూన్ల వాళ్ళు. ఫోన్‌లో ఫొటో చూపించి "ఇలా కావాలి" అంటారు. నేను పింటరెస్ట్ చూడనంటే వాళ్ళు ఇంకొకరి దగ్గరికి పోతారు. పైగా పాత బోర్డులు చూడమంటున్నారు, అవి ఎన్ని మిగిలాయి? ఫ్లెక్సీ ప్రింటింగ్ వచ్చి ఊళ్ళకు ఊళ్ళే మారిపోయాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు మనకు మళ్ళీ పని దొరుకుతుందని ఎంత ఆశపడ్డాం! ఇప్పటికీ ఏ సెంటర్లో చూసినా అవే.

ఇంకో మాట. రోమ్‌లో ట్రాజన్ స్తంభం అడుగున క్రీ.శ. 113 నాటి శాసనం ఉంది. ఆ అక్షరాలను ముందు ఫ్లాట్ బ్రష్‌తో రాసి, తర్వాత ఉలితో చెక్కారని ఎడ్వర్డ్ కాటిచ్ 1968లో ఒక పుస్తకమే రాశారు. ఆయన చర్చి ఫాదర్, అంతకుముందు బోర్డులు రాసిన మనిషి. మన చేతిలో ఉన్నదీ ఆ ఫ్లాట్ బ్రషే కదా. పరాయి పని అని దూరం పెడితే నష్టం మనకే.

పాత_ఎనామెల్:
తమ్ముడూ, బ్రష్ ఒకటే, పట్టే కోణం వేరు. రోమన్ అక్షరానికి నిలువు గీత లావు, అడ్డం గీత సన్నం. మన లిపి తాటాకు మీద గంటంతో గుండ్రంగా తిరిగింది, గీత అంతటా ఒకే మందం. నువ్వు రోమన్ కోణంలో రాస్తే గుడి పైభాగం వెంట్రుకలా సన్నబడుతుంది. దూరంనుంచి "తి" కాస్తా "త" అయిపోతుంది. "ద"కు కింద చిన్న గీత పెడితే "ధ", లోపల చుక్క కూడా పెడితే "థ". ఆ గీత, ఆ చుక్క కనబడకపోతే షాపు పేరే మారిపోతుంది. కస్టమర్ ఫొటో చూపిస్తే రంగులు తీసుకో, అంచు డిజైన్ తీసుకో. అక్షరం ఒళ్ళు మాత్రం మనదే ఉండాలి.

లిపి_ప్రేమి:
ఇద్దరూ ఫాంట్ల సంగతి వదిలేశారు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ విడుదల చేసిన రామభద్ర, సూరన్న, మల్లన్న, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద సైజులో ప్రింటు తీసి, ఒత్తుకూ అక్షరానికీ ఉన్న నిష్పత్తి చూడండి, చాలా నేర్పుతాయి. ఉన్నదున్నట్టు గోడ మీద దించకండి, అలా చేస్తే ఫ్లెక్సీకీ మీ పనికీ తేడా ఏముంది? బాపు గారి అక్షరాలంటే నాకు ప్రాణం. కానీ పెళ్ళికార్డు నుంచి పచ్చడి సీసా దాకా అవే కనిపిస్తున్నాయి. మెస్ బోర్డుకు కూడా అవేనా అనిపిస్తుంది.

కొత్త_కుంచె:
చాలా థాంక్సండీ. మరి పాత పెయింటరు బోర్డు ఫొటో తీసుకుని అదే శైలిలో రాస్తే అది దొంగతనం కాదా? పింటరెస్ట్‌లో తీస్తే ఒప్పుకోని మనం, వీధిలో తీస్తే ఎందుకు ఒప్పుకోవాలి?

లిపి_ప్రేమి:
మంచి ప్రశ్న. హనీఫ్ ఖురేషీ అనే భారతీయ కళాకారుడు వీధి పెయింటర్ల అక్షరాలను ఫాంట్లుగా మార్చినప్పుడు వాటికి ఆ పెయింటర్ల పేర్లే పెట్టారు. ఆ మర్యాద మనమూ పాటించాలి. ఒత్తు ఎలా జరిపాడో నేర్చుకోవడం చదువు, బోర్డు మొత్తం ఎత్తేయడం దొంగతనమే.

బెంగళూరు_బ్రష్:
ఇక్కడ మాత్రం నేనూ మీతోనే. పాత బోర్డు కుడివైపు కింద మూలలో "ఫలానా ఆర్ట్స్" అని సంతకం ఉంటుంది, చాలాసార్లు ఫోన్ నంబరు కూడా. ఆ నంబరుకు ఫోన్ చెయ్యి తమ్ముడూ. ఆయన పనిలో ఉంటే వెళ్ళి పక్కన కూర్చుని చూడు. పింటరెస్ట్ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. రంగుల పొందిక నేను నేర్చుకున్నది అక్కడే.