ఇల్లు అమ్మి హోటల్లో స్థిరపడటం: వృద్ధ దంపతులకు ఇది తగిన దారేనా?

విశ్రాంత ఇంజినీరు, హైదరాబాద్:

పిల్లలు విదేశాల్లో స్థిరపడి, మూడు పడకగదుల ఫ్లాట్‌లో ఇద్దరే మిగిలిన దంపతులు ఆ ఫ్లాట్‌ను అమ్మి, ఒక మోస్తరు హోటల్లో నెలవారీ ధరకు గది మాట్లాడుకుని చివరివరకూ అక్కడే ఉండటంలో తప్పేమీ లేదని నా వాదన. బోరు ఎండినా, లిఫ్టు ఆగినా, పనిమనిషి మానేసినా ఆ బెంగ మనది కాదు. రాత్రివేళ ఒంట్లో బాగాలేకపోతే పిలవగానే పలికే మనిషి కింద రిసెప్షన్‌లో ఉంటాడు. రోజుకు 2,500 రూపాయల గది నెలకు 75,000 అవుతుంది, 5 శాతం జీఎస్టీతో కలిపి 78,750. ఫ్లాట్ అమ్మగా వచ్చిన కోటిన్నరను 7 శాతం వడ్డీకి వేస్తే నెలకు 87,500 వస్తుంది. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఫ్యాషన్ రంగంలో పేరుపొందిన కోకో షనెల్ 1937లో ప్యారిస్‌లోని రిట్జ్ హోటల్లో నివాసం పెట్టి, మధ్యలో కొన్నేళ్లు స్విట్జర్లాండ్‌లో గడిపినా, 1971లో ఆ హోటల్లోనే కన్నుమూశారు.

పన్ను సలహాదారు, విజయవాడ:

షనెల్ రిట్జ్‌లో నిద్రపోయేవారు గాని, అతిథులను ఆదరించిన సొంత నివాసం ఆ హోటల్ వెనుక వీధిలో, తన దుకాణం పైనే ఉండేది. కాబట్టి ఆ ఉదాహరణ ఇల్లే వద్దనుకున్నవారికి వర్తించదు.

ఇక లెక్క సంగతి. పాత ఇల్లు అమ్మిన లాభంతో మరో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంటుంది; హోటల్లో చేరేవారికి ఆ దారి మూసుకుపోతుంది. ఆ పన్ను తప్పించుకోవడానికి నిర్దేశిత బాండ్లలో 50 లక్షల వరకు పెట్టుకోవచ్చు, కాని అవి ఐదేళ్లు కదలవు. మీ వడ్డీపైనా పన్ను పడుతుంది, గది అద్దెలో భోజనం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గది ధర ఏటా 5 శాతం పెరిగినా పదేళ్లకు ఆ 75,000 సుమారు 1,22,000 అవుతుంది, అసలును కదిలించకపోతే వడ్డీ మాత్రం అక్కడే నిలిచి ఉంటుంది. మీ వాదనకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను: మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, వరుసగా 90 రోజులకు తగ్గకుండా ఇచ్చే వసతికి 2024 జూలై నుంచి జీఎస్టీ లేదు.

న్యాయవాది, రాజమహేంద్రవరం:

డబ్బు కంటే ముందు చూడవలసినది హక్కు. ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం లీజు పొందినవారికి ఆ స్థలంపై ఒక హక్కు ఏర్పడుతుంది. ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం లైసెన్సు పొందినవారికి ఉండటానికి అనుమతి మాత్రమే లభిస్తుంది. రెండు చట్టాలూ 1882 నాటివే. హోటల్ గదిలో దిగినవారు సాధారణంగా రెండో కోవలోకే వస్తారు. ఈ రెండింటినీ వేరుచేసే గీటురాళ్లను 1959 నాటి సుప్రీంకోర్టు తీర్పులో వివరించినవారు మా ఊళ్లో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారే. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్లో కేశాలంకరణ వ్యాపారానికి గదులు తీసుకున్న ఒకాయన న్యాయమైన అద్దె నిర్ణయించమని కోరిన వివాదమది. ఒప్పందం లీజేనని మెజారిటీ తేల్చినా, అవి హోటల్లోని గదులు కాబట్టి అద్దె నియంత్రణ చట్టం వర్తించదని కూడా మెజారిటీయే చెప్పడంతో ఆయన ఓడిపోయారు. ఈ రెండో విషయంలో సుబ్బారావు గారిది భిన్నాభిప్రాయం.

అంటే పదేళ్లు ఒకే గదిలో ఉన్నా, మాఘమాసపు ముహూర్తాలకు గదులన్నీ పెళ్లివారికి ఇచ్చేశామని మేనేజరు చెప్పిన రోజున ఎదురు నిలిచి అడగడానికి కిరాయిదారుకున్నంత బలం మీకు ఉండదు. కాలిఫోర్నియాలో నివాస హోటళ్లు, 30 రోజులు దాటితే దక్కే కిరాయిదారు హక్కును ఎగ్గొట్టడానికి, 30 రోజులు నిండకముందే మనిషిని ఖాళీ చేయించి మళ్లీ చేర్చుకోవడాన్ని చట్టమే నిషేధించింది. మనకు అలాంటి రక్షణ లేదు.

గృహిణి, తెనాలి:

అద్దె ఇంట్లో మనిషి పోతే శవాన్ని గడప తొక్కనివ్వని యజమానులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అటువంటిది, మంచాన పడ్డ మనిషిని హోటలువారు ఎన్నాళ్లు ఉంచుకుంటారు? పక్క గదివారు ఫిర్యాదు చేస్తే ఎవరి మాట నెగ్గుతుంది? పదకొండో రోజు కార్యానికి బంధువులు ఎక్కడ కూర్చుంటారు? ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ల సంగతే అన్నయ్యగారు ఆలోచించారని నాకు అనిపిస్తోంది.

విశ్రాంత ఇంజినీరు, హైదరాబాద్:

అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనదే. కాని మంచాన పడ్డవారికి ఫ్లాట్‌లోనూ చాకిరీ చేసే మనిషి కావాలి. పిల్లలు దూరంగా ఉన్నప్పుడు నాలుగు గోడలు ఆ పని చేయవు. అందువల్ల హోటల్ వాదనను నేను వదులుకోను, అమ్మకాన్ని మాత్రం పక్కన పెడతాను. ఫ్లాట్‌ను అద్దెకిచ్చి, ఆ అద్దెకు పింఛను కలిపి గది ఖర్చు భరించడం మా ఉద్దేశం. ఖాళీ చేయమనాలంటే మూడు నెలల ముందు చెప్పాలని, ముహూర్తాల రోజుల్లోనూ గది మారదని, ఆసుపత్రిలో ఉన్న రోజులకు సగం ధరే తీసుకోవాలని ఒప్పందంలో రాయమని అడుగుతాను. న్యాయవాది గారు, హోటల్ యజమాని ఇవన్నీ రాసిచ్చాక మాట తప్పితే నాకు దక్కేది నష్టపరిహారమేనా, లేక గదిలో కొనసాగేలా కోర్టు ఉత్తర్వు కూడా తెచ్చుకోగలనా?