డారెన్ లాక్రాయ్ గురించి తెలిసినవాళ్లున్నారా?

ప్రశ్న: మా టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో (నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే క్లబ్బు) అందరూ ఈయన పేరే చెబుతారు. నాకేమో మైకు చూస్తేనే కాళ్లు వణుకుతాయి. ఈయన పుట్టుకతోనే మాటకారా?

జవాబు: అస్సలు కాదండీ. శాండ్‌విచ్ షాపు పెట్టి నష్టపోయి, 1992లో బోస్టన్‌లో కామెడీ స్టేజీ ఎక్కి నవ్వించలేక దిగిపోయిన మనిషి, 2001లో టోస్ట్‌మాస్టర్స్ ఉపన్యాస పోటీల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఇంకో జవాబు: ఆయన్ని గెలిపించిన ఆ స్పీచ్ పేరు ‘ఔచ్’. స్టేజీ మీద బోర్లాపడి, లేవకుండా అలాగే మాట్లాడుతూ ఉంటాడు, చూసేవాళ్లకే ఇబ్బందిగా ఉంటుంది, అసలు కిటుకు అదే. ఉన్నదే ఏడు నిమిషాలు, ఏడున్నర దాటితే అవుట్, అందులో అంతసేపు నేల మీద ఉండాలంటే గుండె కావాలి.

మరొకరు: 1995 ఛాంపియన్ మార్క్ బ్రౌన్ ఆయనకి కోచ్. ఇప్పుడు ఈయనే వేరేవాళ్లకి నేర్పుతున్నాడు, ఎప్పుడూ స్టేజ్ టైమ్, స్టేజ్ టైమ్ అంటాడు, అంటే వీలైనన్నిసార్లు స్టేజీ ఎక్కమని. మీరు ముందు వచ్చే మీటింగులో టేబుల్ టాపిక్స్‌కి (అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద కాసేపు మాట్లాడటం) చెయ్యెత్తండి.

అడిగినవారు: ఎత్తుతాలెండి, వణుకుతూనే.