బయాప్సీ రిపోర్టులో పీ53 చేయించమని రాశారు, క్యాన్సరేనా?

కడపోడు:
మా నాయనకు 61 ఏళ్లు. ఎన్నో ఏళ్లుగా గుండెల్లో మంట, రాత్రయితే పుల్లటి తేన్పులు. కడపలోనే ఎండోస్కోపీ చేయిస్తే, అన్నవాహిక కింది భాగంలో లోపలి పొర మారింది, బారెట్స్ అంటారు అని చెప్పి ముక్కలు తీశారు. రిపోర్టులో "ఇండెఫినిట్ ఫర్ డిస్‌ప్లేసియా" అని, కింద పీ53, కేఐ67 ఐహెచ్‌సీ చేయిస్తే మంచిదని ఉంది. డాక్టరు సోమవారం గానీ రారంట. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. మళ్లీ గొట్టం వేయాల్నా? నాయన ఈసారి ఒప్పుకోడు.

తుంగభద్ర_ఒడ్డు:
కర్నూల్లో ల్యాబ్‌లో పనిచేస్తానన్నా. ఐహెచ్‌సీ అంటే కణాల్లో ఫలానా ప్రోటీన్ ఉందా లేదా అని రంగుతో చూసే పరీక్ష, దీనికి గొట్టం అవసరం లేదు. తీసిన ముక్కల్ని మైనంలో బిగించి బ్లాక్ చేసి పెట్టి ఉంటారు, దాన్నుంచే ఇంకో నాలుగు మైక్రాన్ల పొర కోసి, యాంటీబాడీ వేసి, రంగు పట్టిస్తారు. వెతికే ప్రోటీన్ ఉన్నచోట గోధుమ రంగు, మిగతాదంతా నీలం. హైదరాబాద్‌కు పంపాలంటే స్లైడ్లు ఒక్కటే కాదు, బ్లాక్ కూడా అడిగి తీసుకో. ఈ ఎండలకు కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టొద్దు సామీ, మైనం కరిగిందంటే అంతే.

పాథాలజీ_పీజీ:
క్యాన్సర్ అని ఆ రిపోర్టులో ఎక్కడా లేదండీ. యాసిడ్ దెబ్బకు పుండుపడి మానుతున్న చోట కూడా కణాలు పెద్దవై, ముదురు రంగులో, అచ్చం డిస్‌ప్లేసియాలాగే, అంటే క్యాన్సర్‌కు ముందు వచ్చే కణాల మార్పులాగే కనిపిస్తాయి, రెండిట్లో ఏదో తేల్చలేకనే "ఇండెఫినిట్" అని రాస్తారు. పీ53 అంటే కణాలు అదుపు తప్పకుండా చూసే ప్రోటీన్, దాని రంగు మామూలుగా అక్కడక్కడా కొన్ని కేంద్రకాల్లో లేతగా పడుతుంది. ఒక గుంపు మొత్తం చిక్కగా పడితే అనుమానించాలి. అస్సలు పడకపోయినా అనుమానించాల్సిందే, ఎందుకంటే జన్యువు ఒక రకంగా చెడితే ఆ ప్రోటీనే తయారు కాదు. చాలామంది "నెగటివ్ వచ్చింది" అని సంబరపడేది ఇక్కడే. కేఐ67 విభజన చెందుతున్న కణాల్ని చూపిస్తుంది. మానుతున్న పొరలో అవి అడుగున ఉంటాయి, పై అంచు దాకా పాకితే ఆలోచించాలి. అయినా రంగు ఒక్కటే చూసి ఎవరూ తీర్పు చెప్పరు, మామూలు స్లైడుతో కలిపి చదవాల్సిందే.

హగరి_గాలి:
మాది అనంతపురం. మా చిన్నాయనకు కడుపు గోడలో గడ్డ వస్తే ముందు కండరం గడ్డ అనుకున్నారు. ఇదే పరీక్షలో సీడీ117, డాగ్1 అనే ప్రోటీన్లు రెండూ పాజిటివ్ వచ్చాక జిస్ట్ అనే వేరే రకం గడ్డ అని తేలింది, ఇమాటినిబ్ మాత్రలు మొదలుపెట్టారు. మందే మారిపోయింది. డబ్బు దండగ అనుకోవద్దు తమ్ముడూ.

కడపోడు:
థ్యాంక్సన్నా, ఊపిరాడింది. అయితే ఇది నార్మల్ వస్తే ఇంక వదిలేయొచ్చా?

పాథాలజీ_పీజీ:
వదలకూడదు. ఇలాంటి రిపోర్టు వస్తే యాసిడ్ తగ్గించే మాత్రలు సరైన మోతాదులో వాడించి, పుండు మానాక, సాధారణంగా ఆరు నెలల్లోపు మళ్లీ ఎండోస్కోపీ చేసి ముక్కలు తీస్తారు. అంటే గొట్టం తప్పదు, కాకపోతే ఇప్పుడే కాదు. మత్తు ఇచ్చి చేయమని అడగొచ్చు, నాయనగారికి అది చెప్పండి. సోమవారం రెండే అడగండి: స్లైడ్లు జీర్ణకోశం చూసే ఇంకో పాథాలజిస్టుకు చూపించొచ్చా, మాత్ర మోతాదు పెంచాలా. ఈలోపు ఉన్న మాత్రలు ఆపొద్దు.